మసక వెలుతురులో ఆకు మోడల్ మొరాయిస్తే

ఆకు కిరణజన్య సంయోగక్రియను లెక్కగట్టే కోడ్ గుంటూరు మిర్చికి మధ్యాహ్నం చక్కగా నడిచినా, ముసురు పట్టిన రోజునో తెల్లవారుజామునో 'నాన్' (సంఖ్య కాని జవాబు) చూపిస్తుంది. చాలావరకు మూలం ఒకటే: నికర కిరణజన్య సంయోగక్రియ (ఆకు తీసుకునే సీఓటూలోంచి శ్వాసక్రియలో వదిలేది తీసేస్తే మిగిలేది) ఎప్పుడూ ధనాత్మకమే అనుకుని రాసిన లైన్లు.

సమస్య: రాత్రి ఆకు సీఓటూ వదులుతున్నా, ఆకు లోపలి సీఓటూ బయటికన్నా తక్కువ వస్తోంది.

కారణం: ఆకు రంధ్రాల వాహకతను (వాయువులు ఎంత తేలిగ్గా దాటతాయో) నికర రేటును బట్టి లెక్కగట్టే బాల్-బెర్రీ సమీకరణంలోకి రుణాత్మక రేటు వెళ్లడం. నికర రేటు −1 మైక్రోమోల్, వాలు 9, తేమ 0.8, ఆకు ఉపరితలం దగ్గర 400 పీపీఎం అనుకోండి. 9 × (−1) × 0.8 ÷ 400 = −0.018. కనీస వాహకత 0.01 కలిపినా −0.008. నికర రేటును దాంతో భాగించి, 1.6తో (నీటి ఆవిరి వాహకతను సీఓటూకి మార్చే గుణకం) గుణించి, 400 నుంచి తీసేస్తే లోపలి సీఓటూ 200కి పడిపోతుంది. కనీస వాహకత సరిగ్గా 0.018 పెట్టి ఉంటే సున్నాతో భాగహారమే.

పరిష్కారం: వాహకత లెక్కలో మాత్రమే రేటును సున్నా దగ్గర ఆపండి. శ్వాసక్రియను ముట్టుకోవద్దు. అప్పుడు వాహకత 0.01, లోపలి సీఓటూ 560. ఇదీ సరైన దిశ. విజయవాడ వేసవి రాత్రి 30 డిగ్రీలుంటే, క్యూటెన్ (10 డిగ్రీలు పెరిగితే రేటు ఎన్ని రెట్లవుతుందో చెప్పే సంఖ్య) 2తో శ్వాసక్రియ 25 డిగ్రీలప్పటికంటే 1.4 రెట్లు, తప్పు ఇంకా పెరుగుతుంది.

సమస్య: సాల్వర్ 'ఈ హద్దుల్లో మూలం లేదు' అంటోంది.

పై హద్దుగా బయటి సీఓటూనే ఇచ్చి ఉంటారు. పై లెక్కలో జవాబు 560, హద్దు 400; ఎంత వెతికినా దొరకదు. పై హద్దు = బయటి సీఓటూ + 1.6 × శ్వాసక్రియ ÷ కనీస వాహకత. కాస్త అదనంగా వదిలి, రెండు హద్దుల మధ్య మూలాన్ని వెతికే బైసెక్షనో బ్రెంట్ పద్ధతో వాడండి. పాత విలువను మళ్లీ మళ్లీ తిప్పే పద్ధతి కాంపెన్సేషన్ పాయింట్ (నికర రేటు సున్నా అయ్యే కాంతి) దగ్గర ఊగిసలాడుతుంది.

సమస్య: రాత్రి నికర నష్టం శ్వాసక్రియకన్నా ఎక్కువ.

సూర్యకాంతిని కొలిచే పైరనోమీటర్ రాత్రిపూట సున్నాకు కాస్త కింద చూపిస్తుంది. ఆ రుణాత్మక కాంతి, కిరణజన్య సంయోగక్రియలో కాంతితో నడిచే దశ అయిన ఎలక్ట్రాన్ రవాణానూ రుణాత్మకం చేస్తుంది. డేటా చదివేచోటే సున్నాకు కట్టేయండి.

సింగిల్ ప్రెసిషన్‌లో (దాదాపు ఏడు అంకెల కచ్చితత్వంతో) ఎలక్ట్రాన్ రవాణా వర్గ సమీకరణపు చిన్న మూలం కూడా చూడండి. దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యల తేడా కాబట్టి అంకెలు పోతాయి. రోజు మొత్తంలో ఇది లెక్కలోకి రాదు గానీ, న్యూటన్ పద్ధతికి వాలు మెట్లుమెట్లుగా కనిపించి ఆగిపోతుంది. సమీకరణాన్ని వక్రత × జె² − బి × జె + సి = 0 అని రాస్తే (జె అంటే ఎలక్ట్రాన్ రవాణా), 2సి ÷ (బి + √(బి² − 4 × వక్రత × సి)) రూపం వాడితే సరి. వక్రత సున్నా అయినా ఇది పనిచేస్తుంది.

ఇక పగటి శ్వాసక్రియను చీకటి విలువకన్నా తగ్గించి పెట్టేవారు 'కాంతి > 0' అనే షరతుతో మార్చకండి. సూర్యోదయాన వక్రరేఖ ఒక్కసారిగా ఎగురుతుంది. సున్నా నుంచి కాంపెన్సేషన్ పాయింట్ దాకా క్రమంగా దించండి.