యాక్సిడెంట్ కేసులో డ్రైవర్‌కు ఉచిత లాయర్: అనంతపురంలో దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

కక్కలపల్లి మండీకి టమాటా తోలే బండ్లు, తాడిపత్రి నుంచి బండలు ఎత్తుకుపోయే లారీలు 44వ నంబరు హైవే మీద రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. ఎక్కడో ఒకచోట గుద్దుకుని మనిషి పోయాడంటే డ్రైవర్ మీద కేసు ఖాయం. ఓనర్ రెండు రోజులు ఫోన్ ఎత్తుతాడు, మూడో రోజు నుంచి ఎత్తడు. లాయర్‌కు ఇచ్చే డబ్బు ఎక్కడి నుంచి తేవాలని ఇంట్లోవాళ్లకు టెన్షన్.

ఇలాంటివాళ్లు వెళ్లాల్సింది జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు. 1987 నాటి చట్టం కింద ఏర్పడిన సంస్థ ఇది. ప్రిన్సిపల్ జిల్లా జడ్జి దీనికి చైర్మన్, రోజువారీ పనులు చూసే కార్యదర్శి కూడా జడ్జే. అనంతపురం దాకా రాలేనివాళ్లు దగ్గర్లోని కోర్టులో మండల న్యాయసేవాధికార సంఘం ఉందేమో అడగొచ్చు. ఎటు పోవాలో తెలియకపోతే 15100కు ఫోన్ చేయండి.

ముందు ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ రాశారో చూసుకోండి. 2024 జులై 1 నుంచి జరిగిన ప్రమాదాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. నిర్లక్ష్యంగా నడిపాడన్న 281 ఒక్కటే అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే 106(1), అయిదేళ్ల వరకు జైలు, జరిమానా. అయినా ఇది బెయిలబుల్ కాబట్టి జామీనుదార్లు దొరికితే బయటికి రావచ్చు. అసలు భయపడాల్సింది 105కు. తాగి నడిపితే ప్రాణాలు పోతాయని తెలిసీ నడిపాడని పోలీసులు భావిస్తే ఈ సెక్షన్ పెట్టే అవకాశం ఉంది. అది నాన్‌బెయిలబుల్, సెషన్స్ కోర్టులో విచారణ. అలాంటి కేసులో దరఖాస్తు ఒక్కరోజు కూడా వాయిదా వేయొద్దు.

ఉచితంగా లాయర్‌ను ఎవరికి ఇస్తారు? కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేదు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు కూడా అంతే. మిగతావాళ్లకు మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల రూపాయల ఆదాయ పరిమితి ఉంది. నెల జీతం మీద బండి తోలే డ్రైవర్లు చాలామంది ఈ లెక్కలోకే వస్తారు.

దరఖాస్తుకు ఫీజు లేదు. ఆఫీసులో ఫారం ఇస్తారు. తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా తీసుకుంటారు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే అక్కడివాళ్లు రాసుకుని వేలిముద్ర వేయించుకుంటారు. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆదాయం, ఆపైన కేసు సంగతి. కేసు సంగతి అంటే కథంతా అక్కర్లేదు: "ఫలానా తేదీ రాత్రి గుత్తి దాటాక ప్రమాదం జరిగింది, ఫలానా స్టేషన్‌లో క్రైమ్ నంబరు ఇంత, నా భర్త జైల్లో ఉన్నాడు, బెయిల్‌కూ కేసు వాదించడానికీ లాయర్ కావాలి." ఇంతే. ఆధార్, బియ్యం కార్డు, డ్రైవింగ్ లైసెన్స్, ఎఫ్ఐఆర్ జిరాక్సులు జతచేయండి. ఆదాయ సర్టిఫికెట్ చేతికి రాలేదని ఆగొద్దు, ముందు సొంతంగా సంతకం చేసిన డిక్లరేషన్ ఇవ్వొచ్చు. ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోండి.

మనిషి రెడ్డిపల్లి జైల్లో ఉంటే అక్కడి నుంచే జైలు అధికారుల ద్వారా అర్జీ పంపుకోవచ్చు. రిమాండ్‌కు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడు "నాకు లాయర్ లేడు సార్" అని నోరు తెరిచి చెప్పినా చాలు.

దరఖాస్తు మీద ఏడు రోజుల్లో నిర్ణయం చెప్పాలన్నది నిబంధన. కాదంటే చైర్మన్‌కు అప్పీల్ చేసుకోవచ్చు. క్రిమినల్ కేసుల కోసమే 2022లో డిఫెన్స్ కౌన్సిల్ పథకం తెచ్చారు. అది ఉన్నచోట పూర్తికాలం ఇదే పనిచేసే లాయర్లు కేసు చూస్తారు. వాళ్లకు జీతం సంస్థ ఇస్తుంది. చాయ్ ఖర్చులకని వంద అడిగినా కార్యదర్శికి రాసివ్వండి. లాయర్ పట్టించుకోవట్లేదనుకుంటే మార్చమనీ అడగొచ్చు.

ఓనర్ పెట్టిన లాయర్ ఉన్నాడు కదా, ఇదంతా ఎందుకు అంటారు కొందరు. నేనైతే ఒప్పుకోను. బ్రేకులు సరిగా లేవని డ్రైవర్ నెల రోజులుగా మొత్తుకుంటున్నాడనుకోండి. ఆ మాట కోర్టులో వస్తే ఇరుక్కునేది ఓనరే. ఆయన డబ్బుతో వచ్చిన లాయర్ ఆ మాట ఎత్తుతాడా? "తప్పు ఒప్పుకో, ఫైన్ నేను కడతా" అనే సలహా ఎక్కువగా ఇటువైపు నుంచే వస్తుంది. ఒప్పుకుంటే శిక్ష పడినట్టే. 106 లాంటి కేసులో ఫైన్‌తో పోతుందన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

లాయర్ దొరికాక ఆయన చేతికి ఏమిస్తామన్నదాని మీదే చాలా వరకు ఆధారపడి ఉంటుంది. ఎఫ్ఐఆర్‌లో "అతివేగంగా, అజాగ్రత్తగా" అన్న మాటలు దాదాపు ప్రతి కేసులోనూ ఉంటాయి. వేగం ఒక్కటే నిర్లక్ష్యం కిందికి రాదని సుప్రీంకోర్టు 1998లోనే కర్ణాటక కేసు ఒకదానిలో చెప్పింది. బ్రేకు ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో యాంత్రిక లోపం లేదని రాసి ఉంటే, బండి మెకానిక్ షెడ్డుకు పోయిన బిల్లులు, ఓనర్‌కు పెట్టిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పనికొస్తాయి. కాసేపల్లి టోల్‌ప్లాజాలో బండి దాటిన టైమ్ ఫాస్టాగ్ మెసేజ్‌లో దొరుకుతుంది, దాన్ని డిలీట్ చేయొద్దు. దారిలోని ధాబాలు, బంకుల సీసీ కెమెరాల్లో రికార్డింగ్ కొన్నాళ్లకే చెరిగిపోతుంది. దాన్ని భద్రం చేయించమని లాయర్‌ను మొదటి రోజే అడగండి. చార్జిషీటు వచ్చేదాకా ఆగితే అది దొరకదు.

చనిపోయినవాళ్ల కుటుంబం పరిహారం కోసం వేసే కేసు వేరు. ఆ నోటీసు డ్రైవర్ పేరున కూడా ఇంటికి వస్తుంది. క్రిమినల్ కేసు చూసే డిఫెన్స్ కౌన్సిల్ దాన్ని చూడరు. నోటీసు పట్టుకుని అదే ఆఫీసులో మరో దరఖాస్తు ఇచ్చుకోవాలి.