తేయాకు పొద పాలిపోయిందా? యూరియా బస్తా విప్పే ముందు చూడాల్సినవి

నీలగిరి తోటల్లో ఆకు రంగు తగ్గితే అందరికీ ముందు గుర్తొచ్చేది యూరియా. పసుపు ఏ ఆకుల్లో మొదలైందో చూడకుండా చల్లితే డబ్బు వానపాలే.

సమస్య 1: కింది ముదురాకులు ముందు పాలిపోతాయి. చిగురు పొట్టిగా వచ్చి, బంజీ (ఎదుగుదల ఆగిన నిద్రాణ మొగ్గ) ఎక్కువవుతుంది.

కారణం: నత్రజని కొరత. మొక్క ముదురాకుల్లోని నత్రజనిని లాగి చిగురుకు పంపుతుంది. ఆ చిగురునే మనం కోస్తాం. దాని పొడి బరువులో 4–5 శాతం నత్రజనే. అంటే వెయ్యి కిలోల టీపొడితో 40–50 కిలోలు తోట దాటిపోతుంది.

పరిష్కారం: 46 శాతం నత్రజని ఉన్న యూరియాతో 40 కిలోలు భర్తీ చేయాలంటే సుమారు 87 కిలోలు కావాలి. ఒకేసారి వద్దు, ఏడాదిలో 4–6 దఫాలుగా వేయండి. నేల తడిగా ఉండాలి, కానీ కుండపోత వానలో వేయకూడదు. పొడినేల మీద పడ్డ యూరియా అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది. మొదలుకు ఆనకుండా కొమ్మల అంచు కింద చల్లాలి. త్వరగా తేరుకోవాలంటే 10 లీటర్ల నీటికి 100 గ్రాముల యూరియా కలిపి చల్లపూట పిచికారీ చేయండి.

సమస్య 2: లేతాకులే పసుపు, ఈనెలు మాత్రం పచ్చన.

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. ఇది నత్రజని కొరత కాదు. మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) చూడండి. తేయాకుకు 4.5–5.5 కావాలి. 6 దాటితే ఇనుము అందదు. పాత బూడిద కుప్పలున్న చోట, డోలమైట్ (మట్టి ఆమ్లాన్ని తగ్గించే సున్నపు రాతి పొడి) అతిగా పడ్డ చోట ఇది మామూలే. పీహెచ్ సరిగానే ఉంటే గంధకం లోపాన్ని అనుమానించాలి. ఆఫ్రికాలోని మలావి తోటలను పీడించిన ‘టీ యెల్లోస్’ జబ్బుకు మూలం ఇదేనని 1930లలో తేలింది. రెండింటిలోనూ యూరియా బదులు అమ్మోనియం సల్ఫేట్ పనికొస్తుంది. అందులో 21 శాతం నత్రజని, 24 శాతం గంధకం ఉంటాయి, పైగా మట్టిని ఆమ్లం వైపు తీసుకెళ్తుంది. పీహెచ్ ఎక్కువగా ఉంటే డోలమైట్ ఆపేయండి.

తేయాకు వేరు నైట్రేట్ కన్నా అమ్మోనియంనే ఇష్టంగా తీసుకుంటుంది. దాన్ని వేరులోనే థియనిన్‌ (తేయాకులో ఉండే ఒక అమైనో ఆమ్లం)గా మార్చి పైకి పంపుతుంది. అందుకే నైట్రేట్ ఎరువులు ఇక్కడ దండగ, వానకు కొట్టుకుపోతాయి కూడా.

సమస్య 3: ఎరువు వేసినా కదలిక లేదు.

పొద పక్కన జానెడు లోతు తవ్వి పీచువేళ్లు చూడండి. నల్లగా కుళ్లి ఉంటే నీరు నిలుస్తోందన్నమాట, ముందు కాలువ తీయాలి. వేళ్లు బాగుండి, ముదురాకుల అంచులు మాడుతుంటే పొటాష్ చాలలేదు. డోలమైట్ వేసిన వెంటనే యూరియా వేసి ఉంటే నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోయినట్టే. రెంటికీ మధ్య కనీసం ఆరు వారాలు, ఒక మంచి వాన ఉండాలి. కత్తిరించిన పొదకైతే కొత్త ఆకులు విచ్చుకునేదాకా నత్రజని వేయకండి.