లెదర్ సీట్లకు మెరుపు, పగుళ్లు, బూజు ఎందుకొస్తాయి? మా బరంపురం వైపు చేయాల్సిన పనులు

బరంపురంలో కొత్త కారు కొన్నవాళ్లు తెలుగువాళ్లయినా, ఒడియావాళ్లయినా నన్ను మొదట అడిగేది ఇదే: "అన్నా, లెదర్‌కి ఏ నూనె రాయాలి?" సీట్లు విప్పి కుట్టడం, రంగు వేయడం నా పని. నూనె వద్దు, ముందు శుభ్రంగా తుడవండి అనే చెబుతాను. గోపాల్‌పూర్ సముద్రం మనకు దగ్గర. గాలిలో తేమ ఎక్కువ, ఒంటి మీద చెమట ఓ పట్టాన ఆరదు. నా చేతికి వచ్చిన సీట్లలో ఎండిపోయి పాడైనవి తక్కువ. మురికి, తడి, పనికిరాని పాలిష్ వల్ల పాడైనవే ఎక్కువ.

ఏదైనా కొనే ముందు మీ సీటు దేనితో చేశారో చూసుకోండి. మనం లెదర్ అనుకునే చాలా సీట్లు నిజానికి లెదరెట్, అంటే రెక్సిన్ లాంటి సరుకు. అసలు తోలు సీట్లలో కూడా చాలావాటికి మనం కూర్చునే, ఆనుకునే భాగమే తోలు. పక్కలు, వెనక భాగం రెక్సినే. సీటు అడుగున అంచు కొంచెం లాగి వెనక వైపు చూడండి. పీచుపీచుగా, నూగుగా ఉంటే తోలు, గుడ్డ నేత కనిపిస్తే లెదరెట్. ఇంకో సంగతి, ఇప్పటి కార్ల తోలు మీద రంగు పొర, దాని మీద పారదర్శకమైన పైపూత ఉంటాయి. మీరు రాసే నూనె ఆ పూత దాటి లోపలికి దాదాపు పోదు. పైనే ఉండి దుమ్మును పట్టుకుంటుంది. కాబట్టి మనం కాపాడుకోవాల్సింది ఆ పూతనే.

సమస్య: సీటు నున్నగా మెరుస్తోంది, పట్టుకుంటే జిడ్డుగా ఉంది

చాలామంది దీన్ని చూసి "బాగా మెయింటైన్ చేశాను" అని సంతోషిస్తారు. కొత్త లెదర్ సీటు సాధారణంగా పెద్దగా మెరవదు, మ్యాట్‌గా ఉంటుంది. ఆ మెరుపు చెమట, ఒంటి జిడ్డు, దుమ్ము కలిసి పేరుకున్న పొర. హెడ్‌రెస్ట్ చూడండి, మన ఇళ్లలో తలకు కొబ్బరి నూనె రాసుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి అక్కడ నల్లగా మచ్చ కడుతుంది. రాయగడ వైపు తిరిగే బళ్లకైతే కుట్ల సందుల్లో ఎర్ర దుమ్ము చేరుతుంది. మనం కూర్చుని కదిలిన ప్రతిసారీ ఆ దుమ్ము గరుకు కాగితంలా పూతను అరగదీస్తుంది.

పరిష్కారానికి అరగంట చాలు. మెత్తటి బ్రష్ తగిలించిన వాక్యూమ్‌తో ముందు కుట్ల సందుల్లోని దుమ్ము లాగండి. ఇది మానేసి నేరుగా రుద్దితే ఆ దుమ్ముతోనే గీతలు పడతాయి. తర్వాత లెదర్ క్లీనర్‌ను సీటు మీద కాకుండా మెత్తటి బ్రష్ మీద వేసి, జానెడు జానెడు చొప్పున నురగ వచ్చేలా తేలిగ్గా రుద్దండి. తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఆ నురగ తీసేయండి. నురగ గోధుమ రంగులో వస్తున్నంత సేపు మురికి ఉన్నట్టే, మళ్లీ చేయండి. చివర్లో తలుపులు తెరిచి నీడలో ఆరబెట్టండి. చిల్లులున్న సీట్లయితే నీళ్లు, క్లీనర్ నేరుగా పోయకూడదు. స్పాంజిలోకి, వెంటిలేటెడ్ సీటైతే ఫ్యాన్ దాకా దిగుతాయి.

డ్రైవర్ సీటును వారానికోసారి తడిగుడ్డతో తుడిచి, నెలకో రెండు నెలలకో ఒకసారి క్లీనర్ వాడితే సరిపోతుంది. గిన్నెలు తోమే లిక్విడ్, అద్దాల క్లీనర్, శానిటైజర్ మాత్రం సీటు దగ్గరికి రానివ్వకండి. హెడ్‌రెస్ట్ మీద తువ్వాలు వేసే అలవాటు మంచిదే కానీ, ఉతికిన తెల్ల తువ్వాలు వేయండి. కొత్త ఎర్ర తువ్వాలు చెమటకు రంగు దిగి సీటుకు అంటుతుంది.

సమస్య: డ్రైవర్ సీటు కుడి అంచు అరిగి పగిలింది

మన కార్లలో డ్రైవర్ కుడి వైపు నుంచి ఎక్కి దిగుతాడు. ప్రతిసారీ ఒంటి బరువంతా ఆ ఉబ్బెత్తు అంచు మీద రాసుకుంటూ పోతుంది. దానికి జీన్స్ రివెట్లు, వెనక జేబులో తాళాలు తోడవుతాయి. అంచు మీద జారకుండా నేరుగా సీటు మధ్యలో కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోండి. ఈ ఒక్క అలవాటుతో ఆ అంచు చాలా ఏళ్లు నిలుస్తుంది.

అప్పటికే అరిగితే గోటితో తడిమి చూడండి. రంగు మాత్రమే పోయి తోలు నున్నగా ఉంటే పని తేలిక. జిడ్డు పూర్తిగా తీసి, సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, పల్చటి పొరలుగా రంగు వేసి పైపూత వేస్తాం. పగుళ్లలో గోరు దిగితే, వంగే గుణమున్న ఫిల్లర్ పెట్టాలి. చిరిగితే ఆ ముక్క మార్చి కుట్టడమే. లెదరెట్ పొలుసులుగా ఊడుతుంటే మాత్రం ఏ క్రీముకీ డబ్బు పెట్టకండి. తేమకు దాని పై పొరే విరిగిపోతోంది, కవర్ మార్చక తప్పదు.

ఒక బండికి నేను వేసిన రంగు నెల తిరక్కుండానే పొరలా లేచింది. ఆరా తీస్తే, ఏడాది పాటు డాష్‌బోర్డ్ పాలిష్‌నే సీట్లకూ రాశారట. అందులోని సిలికాన్ పూర్తిగా పోకపోతే రంగు పట్టదు. అది తెలియక నేను పడిన బాధ గుర్తుంది కాబట్టి చెబుతున్నాను, ఆ మెరుపు పాలిష్ సీట్లకు వద్దు.

సమస్య: వానాకాలంలో తెల్లటి బూజు, ముక్కవాసన

ముందు అది బూజేనా అని చూడండి. చెమట ఆరిన ఉప్పు కూడా తెల్లగానే ఉంటుంది, కానీ తడిగుడ్డతో ఒక్కసారికే పోతుంది, మళ్లీ రెండు రోజుల్లో రాదు. బూజు చుక్కలు చుక్కలుగా, కొంచెం నూగుతో, వాసనతో వస్తుంది. 2013 అక్టోబర్ 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక, ఎన్నో కార్లు రోజుల తరబడి తడితోనే మూసి ఉండిపోయాయి. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన సీట్లు బూజు పట్టి ఉన్నాయి. తడి, చీకటి, గాలి ఆడకపోవడం, తినడానికి కాస్త ఒంటి జిడ్డు, పిల్లలు రాల్చిన బిస్కెట్ పొడి. బూజుకు అంతకన్నా ఏం కావాలి?

కారును బయట గాలిలో నిలిపి, మాస్క్ పెట్టుకుని, పారేయదగ్గ గుడ్డను కాస్త తడిపి తుడవండి. పొడి బ్రష్‌తో దులిపితే బూజు కారంతా పాకుతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డకు కొంచెం అద్ది, మొదట సీటు కింద కనపడని చోట చూడండి. రంగు గుడ్డకు అంటకపోతేనే పైన ఒక్కసారి తేలిగ్గా తుడిచి వదిలేయండి. ఆ వెంటనే క్లీనర్, ఆ తర్వాత ఆరబెట్టడం.

వారంలో మళ్లీ వస్తే తప్పు సీటుది కాదు. మ్యాట్ ఎత్తి కార్పెట్ మీద టిష్యూ పేపర్ నొక్కండి. తడిస్తే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతకండి. ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయిందా, డోర్ రబ్బరు వదులైందా, సన్‌రూఫ్ ఉంటే దాని కాలువలు నిండాయా? కార్పెట్ కింది స్పాంజి ఆరకపోతే పైన ఎంత తుడిచినా టెన్షన్ తప్పదు. ఇల్లు చేరే కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడిపితే ఏసీ లోపలి తడి ఆరుతుంది.

సమస్య: పసుపు, జీన్స్ రంగు, పెన్ను గీత

బండి పూజ రోజు లేత రంగు సీటుకు అంటిన పసుపును నీళ్లతో రుద్ది రుద్ది పూతనే లేపేస్తారు. పసుపు రంగు నీటిలో సరిగా కరగదు, వెలుతురుకు మాత్రం పాలిపోతుంది. క్లీనర్‌తో పైది తీసేసి, పొద్దుటి వెలుతురు ఆ చోట పడేలా కొన్ని రోజులు కారు నిలపండి, మచ్చ తగ్గుతుంది. జీన్స్ నీలం అదే వారంలో క్లీనర్‌తో పోతుంది, నెలలు గడిస్తే పూతలోకి దిగిపోతుంది. పెన్ను గీత మీద థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ వాడకండి. ఇంకుతో పాటు సీటు రంగూ వస్తుంది.

సమస్య: ఎండకు బిగుసుకుపోయింది, కుట్టు తెగింది

ఏప్రిల్, మే ఎండలో మూసిన కారు లోపల గంటలోనే వేడి సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టండి. ఎండ తోలుతో పాటు దారాన్నీ తినేస్తుంది. ఒక్క కుట్టు తెగినప్పుడే వస్తే ఆ వరసే కుడతాం. ఆలస్యమైతే రంధ్రాలు చిరిగి ముక్క మార్చాల్సి వస్తుంది.

పాడైన సీటు కనపడకుండా బిగుతుగా కవర్ కుట్టమని కొందరు వస్తారు. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ చీటీ ఉంటే నేను ఆ కవర్ కుట్టను. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన చోట బిగుతు గుడ్డ అడ్డం పడితే అది సరిగా బయటికి రాదు. అలాంటి సీట్లకు పక్కలు తెరిచి ఉండే, ఎయిర్‌బ్యాగ్ కోసమే చేసిన కవరే అడిగి తీసుకోండి.