‘ఏ పనైనా చేయగలవాడు’ అని రాయడం మానేశాను

పాలకొల్లు దగ్గర మా చర్చి సంఘానికి నేను కార్యదర్శిని. రెండేళ్లలో ముగ్గురు ఆఫీసు సహాయకులు మానేశారు. ప్రతిసారీ ప్రకటన ఒకటే: ‘దైవభక్తి కలిగి, ఏ పనైనా చేయగలవాడు కావలెను.’

మూడో అబ్బాయిని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి అడిగాను. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు: మందిరం గంట, మైకు సెట్టు, బాప్తిస్మం రిజిస్టరు, కానుకల లెక్క, పాస్టరుగారి పిల్లలను ట్యూషన్‌కు దింపడం, ఒక పెద్దగారి ఇంటికి బియ్యం బస్తా చేరవేయడం. చివరి రెండింటి దగ్గర నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

వారం రోజులు నిజంగా జరిగే పనులు రాసుకుని, ఒక్క పేజీకి కుదించాను. పని ఎవరు చెబుతారు (ఒక్కరే), జీతం ఎంత, ఏ పనులు అతనివి కావు. ఆదివారం పని కాబట్టి సెలవు సోమవారం. కానుకలు లెక్కించేటప్పుడు ఇద్దరుండాలి, ఇద్దరూ సంతకం చేయాలి. ‘దైవభక్తి’ని ఉంచాను గానీ, ‘లెక్క తప్పితే దాచకుండా చెప్పేవాడు’ అని పక్కనే చేర్చాను.

‘సేవకు ఈ షరతులేమిటండీ?’ అన్నారు ఒక పెద్దాయన. బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తెరిచాను. విధవరాండ్రకు వడ్డనలో లోటు వస్తే అపొస్తలులు, అంటే యేసు ముఖ్య శిష్యులు, పని విభజించి, ఎలాంటివారు కావాలో చెప్పి మరీ ఏడుగురిని ఎన్నుకోమన్నారు కదా. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, సోమవారం సెలవు దగ్గర మాత్రం కాసేపు గొణిగారు.

కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇప్పుడు పదకొండో నెల. ఆ కాగితం బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకుంది.