విని వాయిద్దాం – 6వ పాఠం: ‘సర్ డ్యూక్’లోని ఒంటి వరస

గత పాఠంలో మోహన రాగపు ఆరోహణ, అవరోహణలను కీబోర్డుపై సాధన చేశాము. ఈసారి ఆ ఐదు స్వరాలనే పట్టుకొని, అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ 1976 నాటి ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’ ఆల్బంలోని ‘సర్ డ్యూక్’ పాటలోకి వెళదాము. 1974 మే నెలలో మరణించిన జాజ్ స్వరకర్త, పియానో విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్‌కు నివాళిగా వచ్చిన ఈ పాట, మూడేళ్ల తరువాత అదే మే నెలలో అమెరికాలోని బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

రెండవ చరణంలో కౌంట్ బేసీ, గ్లెన్ మిల్లర్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, ఎల్లా ఫిట్జెరాల్డ్ అనే జాజ్ కళాకారులు కూడా తలపుకు వస్తారు. అయితే నివాళి అంతా ఆ పేర్లలోనే ఉందనుకుంటే అసలైనది చేజారుతుంది. మొదటి పల్లవి ముగియగానే గాత్రం ఆగి, ట్రంపెట్లు, శాక్సఫోన్లు, గిటారు, బేసు అన్నీ ఒకే వరసను ఒక్క ఊపిరిగా పరుగెత్తించే చోటు మనకు కావాలి. ఎల్లింగ్టన్ పద్ధతి ఇందుకు భిన్నమైనది; 1930 నాటి ‘మూడ్ ఇండిగో’లో ఆయన ట్రంపెట్, ట్రాంబోన్‌ల కింద, మంద్రంలో క్లారినెట్‌ను ఉంచి, మూడు వాద్యాలకు మూడు వేర్వేరు స్వరాలిచ్చి కొత్త రంగు పుట్టించాడు. వండర్ దానిని అనుకరించలేదు, అదే మంచిదయింది. గాయకుని వెంట వయొలిన్ నడవడం విని పెరిగిన మన చెవికి ఈ ఏకస్వర గమనం పరాయిది కాదు.

కీబోర్డుపై ‘బి’ స్వరాన్ని షడ్జమంగా పెట్టుకోండి. రిషభానికి సి షార్ప్, గాంధారానికి డి షార్ప్, పంచమానికి ఎఫ్ షార్ప్, ధైవతానికి జి షార్ప్ వస్తాయి కనుక, షడ్జమం తప్ప అన్నీ నల్లమెట్లే. వరస చాలావరకు వీటిలోనే తిరిగినా మోహన వినిపించదు. గమకాలు లేకపోవడమూ, స్వరాలు పదేపదే తాళపు దెబ్బకు ముందో వెనుకో పడటమూ ఇందుకు కారణాలు. కాబట్టి మెట్లను ముట్టకముందు, చేతితో తాళం వేస్తూ వరసను నోటితో ‘త’కారంలో పలకండి.

చరణంలో ఎడమచేతి పని తేలికే: బి, జి షార్ప్, జి, ఎఫ్ షార్ప్. మూడవదైన జి, అంటే శుద్ధ ధైవతం, మోహనకు బయటిది. పంచమానికి దిగేముందు అది చేసే చిన్న చిలిపితనం కోసమే నేను ఈ చరణాన్ని మళ్లీ మళ్లీ వింటాను.

వచ్చే పాఠానికి ముందు ఈ నాలుగు మెట్లను సగం వేగంలో వాయిస్తూ, పైన చరణాన్ని కూనిరాగంగా పాడగలిగేలా సాధన చేయండి.