డౌట్, సస్పెక్ట్: రెండూ అనుమానమేనా?

డౌట్ అంటే అనుమానం, సస్పెక్ట్ చేయడమంటే అనుమానించడం. డిక్షనరీలో ఇంతవరకు చూసి, రెండూ ఒకటేలే అని మూసేసేవాళ్లు చాలామంది. అనువాదాలు దిద్దడం నా పని. సరిగ్గా అలా మూసేసిన చోటే నా ఎర్ర పెన్నుకు పని పడుతుంది.

తేడా పట్టుకోవాలంటే పదాన్ని ఒంటరిగా చూడకండి. ఒకే వాక్యంలో రెండింటినీ మార్చి మార్చి పెట్టండి. ‘ఐ డౌట్ హి స్టోల్ ఇట్’ అంటే, అతను దొంగిలించాడంటే నాకు నమ్మకం కుదరడం లేదని. ‘ఐ సస్పెక్ట్ హి స్టోల్ ఇట్’ అంటే, తీసింది అతనే అయ్యుంటాడని. ఒక్క మాట మారేసరికి నిర్దోషి కాస్తా దొంగైపోయాడు! తెలుగు అనుమానం రెండు వైపులా పలుకుతుంది. ‘అతను వచ్చేది అనుమానమే’ అంటే రాకపోవచ్చని. ‘వాడే తీశాడని నా అనుమానం’ అంటే వాడేనని. మీ మనసు ‘కాదు’ అంటోందా, ‘అవును’ అంటోందా అన్నది ముందు తేల్చుకోండి. కాదంటే డౌట్, అవునంటే సస్పెక్ట్.

అన్నట్టు, ‘ఐ హావ్ ఎ డౌట్’ అని చెయ్యెత్తడం మనకు అలవాటే. మనలో మనకు ఇబ్బంది లేదు. వేరే దేశాలవాళ్లకు మాత్రం, మీరు చెప్పింది నేను నమ్మడం లేదన్నట్టు వినిపించవచ్చు. తెలియనిది అడగడానికి క్వశ్చన్ చాలు.

కొన్ని జంటలకు తాళంచెవి తెలుగులోనే ఉంది. హియర్, లిజన్ అనగానే తికమకపడతారు గానీ, ‘నాకు వినిపించింది’, ‘నేను విన్నాను’ అన్న రెంటినీ మనం ఎప్పుడైనా కలిపేస్తామా? అర్ధరాత్రి చప్పుడు దానంతటదే చెవిన పడితే హియర్. చెవి ఒగ్గి వింటే లిజన్, దేన్ని వింటున్నారో చెప్పాలంటే దాని వెనక ‘టు’ తప్పదు. సీ, లుక్ కూడా ఇంతే: కనిపిస్తే సీ, కావాలని చూస్తే లుక్ ఎట్. కదులుతున్నదాన్నో, ఏం జరుగుతుందోనన్నట్టుగానో కాసేపు గమనిస్తూ ఉంటే వాచ్. అయితే సినిమా విషయంలో సీ, వాచ్ రెండూ నడుస్తాయి. అక్కడ ఎక్కువ ఆలోచించి టెన్షన్ పడకండి.

బై, పర్చేజ్ లాంటి వాటిలో అర్థం కోసం వెతక్కండి, తేడా అంతా బరువులోనే. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక దర్బారులోకి, చట్టంలోకి ఫ్రెంచ్ మాటలు వచ్చి చేరాయి. పాత ఇంగ్లిష్ మాటలు జనం నోట ఉండిపోయాయి. అందుకే బిగిన్ ఇంటి మాట, కమెన్స్ కాగితం మాట. మన ‘మొదలు’, ‘ప్రారంభం’ లాగే. స్నేహితుడికి రాసే మెసేజ్‌లో ‘ఐ పర్చేజ్డ్ ఎ పెన్’ అని కనిపిస్తే నేను కొట్టేస్తాను. తప్పని కాదు, వినడానికి కృతకంగా ఉంటుందని.

సే, టెల్ రెండూ ‘చెప్పు’లే కదా అంటారు. ఇక్కడ పక్కన ఏ మాట కూర్చుందో చూడాలి. టెల్ వెంటనే వినే మనిషి వస్తాడు: ‘టెల్ మీ’. సే వెంట చెప్పిన మాట వస్తుంది, మనిషి రావాలంటే ‘టు’ కావాలి: ‘హి సెడ్ ఇట్ టు మీ’. ‘హి సెడ్ మీ’ చెల్లదు. టెల్ ఎ స్టోరీ, టెల్ ద ట్రూత్ లాంటివి మనిషి లేకుండానే నడుస్తాయి, వాటిని అలాగే గుర్తుపెట్టుకోవడమే. కాబట్టి నోట్‌బుక్‌లో పదం ఎదురుగా తెలుగు అర్థం ఒక్కటే రాసి వదలకండి, పక్క మాటతో సహా రాసుకోండి. ఎక్స్‌ప్లెయిన్‌ను కూడా ఆ పేజీలోనే చేర్చండి. అది సే జట్టు: ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ కాదు, ‘ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మీ’.