‘అయితే’కూ ‘అయితేనే’కూ తేడా: అనుషంగికాన్ని చదివే పద్ధతి

గణిత తర్కం మొదలుపెట్టిన విద్యార్థి సంయోగం (‘పి మరియు క్యూ’), వియోగం (‘పి లేదా క్యూ’) సులువుగానే దాటి, ‘పి అయితే క్యూ’ అనే అనుషంగికం దగ్గర ఆగిపోతాడు; ఇక్కడ పి, క్యూ అంటే ఏవైనా రెండు వాక్యాలు. పి అసత్యమైనప్పుడు మొత్తం ప్రవచనం (సత్యమో అసత్యమో తేల్చగల వాక్యం) సత్యమెలా అవుతుందన్నది అతని సందేహం, అది న్యాయమైన సందేహమే.

‘ఒక సంఖ్య 4తో నిశ్శేషంగా భాగింపబడితే 2తోనూ భాగింపబడుతుంది’ అన్న వాక్యంలో 8, 6, 5లను వరుసగా పెట్టి చూడండి. 8 విషయంలో రెండు భాగాలూ సత్యం. 6 విషయంలో మొదటిది అసత్యం, రెండోది సత్యం. 5 విషయంలో రెండూ అసత్యం. ప్రతి పూర్ణసంఖ్యకూ సత్యమని మనం ఒప్పుకున్న వాక్యం ఈ మూడింటికీ సత్యం కాక తప్పదు కనుక, సత్య పట్టికలోని (భాగాల సత్యాసత్యాలను బట్టి మొత్తం వాక్యం సత్యమో కాదో చూపే పట్టికలోని) ఆ మూడు వరుసలూ ఇక్కడే తేలిపోతాయి. మొదటిది సత్యమై రెండోది అసత్యమైతేనే వాక్యం చెడుతుంది. అలాంటి సంఖ్య ఒక్కటీ లేదు. పట్టికను బట్టీ పట్టే ముందు ఈ మూడు సంఖ్యలనూ స్వయంగా కాగితం మీద వేసి చూడమని నా విన్నపం.

పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో ప్రచురించిన పరీక్షను మన అక్షరాలతో చేద్దాం. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, మరోవైపు అంకె ఉంటాయి. బల్ల మీద అ, క, 4, 7 కనిపిస్తున్నాయి. ‘ఒకవైపు అచ్చు ఉంటే మరోవైపు సరిసంఖ్య ఉంటుంది’ అన్న నియమాన్ని పరీక్షించడానికి ఏ కార్డులు తిప్పాలి? చాలామందికి అ, 4 తోస్తాయి. 4 వెనుక హల్లు ఉన్నా నియమానికి భంగం లేదు, 7 వెనుక అచ్చు ఉంటే మాత్రం నియమం నిలవదు. కాబట్టి తిప్పవలసినవి అ, 7. 4ను తిప్పేవారు తెలియకుండానే విపర్యయాన్ని (‘క్యూ అయితే పి’) పరీక్షిస్తున్నారు; 7ను తిప్పడం ప్రతివర్తితాన్ని (‘క్యూ కాకపోతే పి కాదు’) పరీక్షించడం, అది మూల వాక్యంతో తుల్యమైనది, అంటే రెండూ ఎప్పుడూ కలిసే సత్యమో అసత్యమో అవుతాయి.

తెలుగులో చదివేవారు ‘నే’ అన్న ఒక్క అక్షరాన్ని మరింత జాగ్రత్తగా గమనించాలి. ‘18 ఏళ్లు నిండితేనే ఓటు వేయవచ్చు’ అంటే, ఓటు వేయగలిగే వ్యక్తికి 18 ఏళ్లు నిండాయని అర్థం. వయసు ఒక్కటే చాలునని ఆ వాక్యం చెప్పదు, ఓటర్ల జాబితాలో పేరు కూడా ఉండాలి. అందుచేత ‘పి అయితేనే క్యూ’ అన్నదాన్ని గుర్తుల్లోకి మార్చే ముందు ‘క్యూ అయితే పి’ అని తిరగరాసుకోండి. ‘చివరి అంకె 0 అయితే, అయితేనే సంఖ్య 10తో భాగింపబడుతుంది’ వంటి చోట రెండూ కలిసి వస్తాయి. అక్కడ రెండు దిశలనూ విడివిడిగా నిరూపించాలి.